ఇంటి హాల్లో లైన్ అర్రే: గట్టిగా వాయించడానికి కాదు

లైన్ అర్రే (ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చిన స్పీకర్లు) అనగానే హైదరాబాద్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది ఊరేగింపులో డీజే బండి, లేదంటే ఫంక్షన్ హాల్లో స్టేజీకి అటూ ఇటూ వేలాడే నల్ల డబ్బాలు. అందుకే నేను ఇంట్లోకి ఒక జత చేసుకుంటున్నానని తెలిసి కింద ఫ్లోర్ అంకుల్ ముందుజాగ్రత్తగా వచ్చి ‘బాబూ, మా మనవడికి ఇంటర్ పరీక్షలు’ అని చెప్పి వెళ్లారు. ఆయన భయం న్యాయమైనదే. కానీ నేను చేసింది గట్టిగా వాయించడానికి కాదు, తక్కువ సౌండ్‌లో హాలంతా ఒకేలా వినపడటానికి. ఈ మాట నమ్మడానికి చాలామందికి కష్టంగా ఉంటుంది కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను.

మల్కాజిగిరిలో మా ఫ్లాటు అందరి ఫ్లాట్ల లాంటిదే. టీవీ, సోఫా, డైనింగ్ టేబుల్, ఆ వెనక వంటగది, అన్నీ ఒకే పొడుగు హాల్లో వరసగా ఉంటాయి. టీవీ పక్కన మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు పెడితే సోఫాలో నాన్నకి చెవులు గింగురుమంటాయి, వంటగదిలో అమ్మకి ఒక్క డైలాగూ అర్థం కాదు. ఆవిడ ‘కొంచెం పెంచరా’ అంటుంది, ఆయన రిమోట్ లాక్కుని తగ్గిస్తారు. ఇది వినికిడి సమస్య కాదు, దూరం సమస్య. చిన్న స్పీకర్ నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ (శబ్దం కొలిచే ప్రమాణం) పడిపోతుంది, అంటే మీటరు దూరం నుంచి నాలుగు మీటర్లకు వెళ్లేసరికి 12 డెసిబెల్స్ పోతాయి. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల గదిలో లెక్క అంత ఘోరంగా ఉండదు గానీ, ఆ తిరిగొచ్చిన శబ్దంతో మోత పెరుగుతుందే తప్ప మాట తేటగా వినపడదు.

స్పీకర్లను నిలువునా దగ్గరదగ్గరగా పేరిస్తే లెక్క మారిపోతుంది. బల్బు వెలుతురు అన్ని వైపులకీ పోతుంది, పైకీ కిందికీ కూడా. నిలబెట్టిన ట్యూబ్‌లైట్ వెలుతురు మాత్రం ఎక్కువగా పక్కలకే పోతుంది. వరసగా పేర్చిన స్పీకర్లూ అంతే. గోళం విస్తీర్ణం దూరం వర్గంతో పెరుగుతుంది, స్తూపం విస్తీర్ణం ఉత్త దూరంతోనే పెరుగుతుంది, అందుకే ఇక్కడ దూరం రెట్టింపైతే తగ్గేది 3 డెసిబెల్సే. మీటరు నుంచి నాలుగు మీటర్లకు 12 బదులు 6. సోఫా దగ్గర సౌండ్ పెంచకుండానే డైనింగ్ టేబుల్ దాకా మాట అందుతుంది. నాకు కావలసింది ఈ ఒక్కటే.

ఇదేం కొత్త సంగతి కాదు. గుడి మండపాల్లో, స్కూల్ ప్రేయర్ గ్రౌండ్‌లో సన్నగా నిలువుగా గోడకి బిగించి ఉండే కాలమ్ స్పీకర్ కూడా లైన్ అర్రేనే, ఒక డబ్బాలో నాలుగో ఆరో చిన్న స్పీకర్లు ఒకదాని మీద ఒకటి. ఇప్పుడు కచేరీల్లో చూసే వంపు తిరిగిన పెద్ద వరసల కథ 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ హైల్ అనే ఆయన వీ-డాస్క్ అనే స్పీకర్ సిస్టమ్ తెచ్చినప్పటి నుంచి మొదలు. ఆయన చెప్పిన షరతులు చూస్తే ఈ వ్యవహారంలో ఖరీదు కంటే జ్యామితి ముఖ్యమని తెలుస్తుంది: పక్కపక్క స్పీకర్ల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం కంటే తక్కువ ఉండాలి, లేదా మొత్తం పొడవులో కనీసం 80 శాతం సమతలంగా శబ్దం వెలువరించాలి. రెండోదాని కోసమే కంపెనీలు డబ్బాల్లో ప్రత్యేకమైన వేవ్‌గైడ్‌లు (శబ్దాన్ని దారిలో పెట్టే నాళాలు) పెడతాయి. ఇంట్లో చేసుకునేవాడికి మిగిలేది మొదటి షరతే, అది కూడా సగమే తీరుతుంది, ఎందుకో కింద చెప్తాను.

(ఇక్కడే ఒక మాట. ఫంక్షన్ హాళ్లలో పక్కకి మూడేసి చిన్న డబ్బాలు వేలాడదీసి ‘లైన్ అర్రే సిస్టమ్’ అని రేటు కార్డులో రాస్తుంటారు. మూడు డబ్బాలు కలిపి ముప్పావు మీటరు పొడవు ఉంటే, ఆ పొడవుకి సమానమైన తరంగదైర్ఘ్యం వచ్చేది దాదాపు 460 హెర్ట్జ్ దగ్గర. దాని కింద అది వరసలా ప్రవర్తించదు, మామూలు స్పీకరే. మగ గొంతులో బరువంతా ఉండేది అక్కడే. చూడ్డానికి బాగుంటుంది, అంతే.)

పొడవు ఎంత ఉండాలన్నది మొదటి ప్రశ్న. వరస పొడవును మీటర్లలో తీసుకుని వర్గం చేసి, ఫ్రీక్వెన్సీతో గుణించి, శబ్దవేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆ 3 డెసిబెల్స్ సుఖం ఎంత దూరం దాకా ఉంటుందో వస్తుంది. 2.25 మీటర్ల వరసకి 1,000 హెర్ట్జ్ దగ్గర అది ఏడు మీటర్ల పైనే, మా హాలుకి చాలు. 200 హెర్ట్జ్ దగ్గర మాత్రం మీటరున్నరకి పడిపోతుంది. కానీ నేలా సీలింగూ ఇక్కడ మనకి సాయం చేస్తాయి, వరస ఆ రెండింటికీ దగ్గరగా ఉంటే వాటి నుంచి వచ్చే ప్రతిబింబాలు వరసని పైకీ కిందికీ పొడిగించినట్టే పని చేస్తాయి. నేల నుంచి సీలింగ్ దాకా ఉన్న ఎత్తులో కనీసం 70 శాతం వరసే ఉండాలని ఇంట్లో చేసుకునేవాళ్లలో ఒక లెక్క నడుస్తుంది. మాకు ఫాల్స్ సీలింగ్ పోను తొమ్మిది అడుగులు, అంటే 2.74 మీటర్లు. నేను తీసుకున్న మూడున్నర అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు (డబ్బా లేని ఉత్త స్పీకర్లు) 9 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున పెడితే 25 కి 2.25 మీటర్లు వస్తుంది, 82 శాతం. పదహారుతో సరిపెడితే 52 శాతం, ఖర్చు తగ్గుతుంది గానీ అలాంటప్పుడు ఈ తంటా అంతా ఎందుకు, ఒక మంచి బుక్‌షెల్ఫ్ జత కొనుక్కోవడం నయం.

25 కి ఇంకో సుఖం కూడా ఉంది. ఒక్కో డ్రైవర్ 8 ఓమ్‌లు. అయిదు సిరీస్‌లో కలిపితే 40, అలాంటి అయిదు గొలుసులు ప్యారలల్‌లో కలిపితే మళ్లీ 8 ఓమ్‌లే. ఏ ఆంప్లిఫయర్‌కైనా ఇబ్బంది లేని లోడు. పైగా ఒక్క డ్రైవర్‌తో పోలిస్తే కింది ఫ్రీక్వెన్సీల్లో సెన్సిటివిటీ (అంతే వోల్టేజీకి వచ్చే శబ్దం) కాగితం మీద 14 డెసిబెల్స్ పెరుగుతుంది, అదే సౌండ్‌కి ఒక్కో కోను (స్పీకర్‌లో ఊగే పొర) కదలాల్సింది ఇరవై అయిదో వంతే. చవక డ్రైవర్ల అసలు జబ్బు ఎక్కువ కదిలించినప్పుడు వచ్చే డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం), ఆ అవసరమే రాకపోతే జబ్బు బయటపడదు. లైన్ అర్రేలో ఇంత మామూలు డ్రైవర్లు ఇంత నింపాదిగా పాడటానికి కారణం ఇదే, ఇందులో మాయ ఏమీ లేదు.

ఇక పై ఫ్రీక్వెన్సీలు, అసలు తలనొప్పి ఇక్కడే. 25 డిగ్రీల దగ్గర శబ్దవేగం సెకనుకి 346 మీటర్లు, డ్రైవర్ల మధ్య దూరానికి సమానమైన 9 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం అంటే దాదాపు 3.8 కిలోహెర్ట్జ్. (మే నెలలో హాలు 40 డిగ్రీలకు వెళ్తే వేగం 355 దాకా పోతుంది, అప్పుడు ఇది 3.9, ఎండలకి మనకి దక్కే లాభం అంత.) ఆ పైన వరస ఇక వరసలా ఉండదు, విడివిడి స్పీకర్ల గుంపు అవుతుంది, ఒకదాని శబ్దం ఇంకోదాన్ని కొన్నిచోట్ల కొట్టేస్తూ కొన్నిచోట్ల పెంచుతూ దువ్వెన పళ్లలాంటి గ్రాఫు ఇస్తుంది. సగం తరంగదైర్ఘ్యం షరతైతే 1.9 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఇది కాక ఇంకోటి: మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి చెవికి ఎదురుగా ఉన్న డ్రైవర్ కంటే అటు చివరి డ్రైవర్ దాదాపు 20 సెంటీమీటర్లు దూరం, అంటే అర మిల్లీసెకను పైచిలుకు ఆలస్యం. బేస్‌కి ఆ తేడా లెక్కలోది కాదు, పది కిలోహెర్ట్జ్‌కి అది అయిదారు పూర్తి తరంగాలు. అందుకే కింద అన్నీ కలిసి బలంగా, పైన ఒకదాన్నొకటి కొట్టుకుని బలహీనంగా, మొత్తం మీద ప్రతి ఆక్టేవ్‌కీ (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 3 డెసిబెల్స్ చొప్పున జారిపోయే శబ్దం వస్తుంది. ఈక్వలైజర్ లేకుండా వింటే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టే. ఆ పాపం డ్రైవర్లది కాదు.

దీనికి మందులు మూడు. ఒకటి, పక్కన సన్నటి రిబ్బన్ ట్వీటర్ల (పై ఫ్రీక్వెన్సీలకే వాడే స్పీకర్ల) వరస ఇంకోటి పెట్టడం, పనితనం బాగుంటుంది, ఖర్చు మన మాట వినదు. రెండోది, వరసని వంపు తిప్పి పైకి పోయేకొద్దీ సౌండ్ తగ్గించే పద్ధతి, డాన్ కీల్ అనే ఆయన అమెరికా నౌకాదళం వాళ్ల నీటి అడుగు ట్రాన్స్‌డ్యూసర్ల పరిశోధన నుంచి తీసుకుని స్పీకర్లకి తెచ్చారు. లెక్క ప్రకారం చాలా అందమైన డిజైన్ అది, కానీ వంపు తిరిగిన డబ్బా చేయించడం, హాల్లో పెట్టుకోవడం, అమ్మని ఒప్పించడం వేరే కథ. మూడోది, తిన్నని వరసే పెట్టి డీఎస్పీతో (శబ్దాన్ని డిజిటల్‌గా సరిదిద్దే చిప్‌తో) పై ఫ్రీక్వెన్సీలని ఎత్తడం. నేను మూడోదానికే వెళ్లాను. 1 నుంచి 16 కిలోహెర్ట్జ్ దాకా నాలుగు ఆక్టేవ్‌లు, లెక్క ప్రకారం 12 డెసిబెల్స్ ఎత్తాలి, అంటే అక్కడ పదహారు రెట్లు పవర్. వినడానికి భయంగా ఉంటుంది గానీ పాటల్లో అంత పైన ఉండే శక్తే తక్కువ, దాన్ని 25 డ్రైవర్లు పంచుకుంటాయి కూడా. టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న క్లాస్ డీ ఆంప్లిఫయర్ బోర్డు 24 వోల్టులకి 8 ఓమ్‌ల మీద ఒక్కో వైపు 30 వాట్లు ఇస్తుంది, ఇంట్లో అందులో నాలుగోవంతు కూడా నేను వాడను.

సామాను సంగతి. కోఠి గుజరాతీ గల్లీలో దొరకనిది ఉండదు అంటారు, నిజమే, కానీ ఒకే మోడల్‌వి, ఒకే బ్యాచ్‌వి యాభై డ్రైవర్లు (జతకి) అడిగితే షాపాయన కౌంటర్ అవతల నుంచి లేచి చూశాడు. ‘యాభయ్యా? ఏం జేస్తరు సార్, ఆటోలకు పెడ్తరా?’ ఒకే బ్యాచ్ అని ఎందుకు పట్టుబట్టాలంటే సిరీస్ గొలుసులో ఒక డ్రైవర్ ఇంపిడెన్స్ (ఓమ్‌లలో చెప్పే నిరోధం) తేడాగా ఉంటే వోల్టేజీ సమానంగా పంచుకోదు, ఒకటి ఎక్కువ కష్టపడుతుంది, పక్కది సోమరిగా ఉంటుంది. డబ్బా విప్పగానే ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో చూడండి, తర్వాత ఒకటిన్నర వోల్టు సెల్‌ని ఒక్క క్షణం ఆనించండి, ప్లస్‌కి ప్లస్ ఆనిస్తే కోను బయటికి రావాలి. ఈ పరీక్ష వైరింగ్ అయ్యాక కూడా మళ్లీ చేయాల్సిందే. ఎందుకంటే 25 లో ఒకటి తిరగబడి కలిసినా మొత్తం సౌండ్ ముప్పావు డెసిబెల్ కూడా తగ్గదు, చెవి దాన్ని ఎప్పటికీ పట్టుకోదు, గ్రాఫులో మాత్రం అర్థం కాని గుంటలు కనిపిస్తూ మన ప్రాణం తీస్తాయి. గొలుసులు కూడా పక్కపక్కనున్న అయిదింటినే కలిపి కట్టాను, రేపు పైదో కిందిదో ఒక గుంపు సౌండ్ తగ్గించి చూడాలనిపిస్తే డబ్బా విప్పకుండా వెనక టెర్మినల్స్ దగ్గరే పని అయిపోతుంది. ఒక డ్రైవర్ కాలిపోతే ఆ గొలుసులోని అయిదూ మూగబోతాయి, ఎక్కడ పోయిందో వెతకడం కూడా ఇలా అయితేనే తేలిక.

చెక్క భోయిగూడ నుంచి. ఎండీఎఫ్ చవక, కోత నున్నగా వస్తుంది, అయినా నేను 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌కే మొగ్గాను, వానాకాలంలో మాప్ పెట్టే నేల మీద ఎండీఎఫ్ అంచు ఉబ్బిన ఇళ్లు చాలానే చూశాం కదా. ఎనిమిదడుగుల షీటు 244 సెంటీమీటర్లు, 2.3 మీటర్ల డబ్బాకి అతుకు లేకుండా సరిపోతుంది, ఒక్కోదానికి ఒక షీటు. వెడల్పు 15, లోతు 24 సెంటీమీటర్లు, ఒక్కో డ్రైవర్‌కి రెండు లీటర్ల దాకా గాలి, పూర్తిగా సీల్ చేసిన డబ్బా.

యాభై గుండ్రటి రంధ్రాలు చేత్తో కోయించకండి. పూజ గది తలుపులకి జాలీ డిజైన్లు కోసే సీఎన్‌సీ షాపులు ఇప్పుడు ప్రతి ఏరియాలో ఉన్నాయి, డ్రాయింగు ఇస్తే మధ్యాహ్నానికి చేతిలో పెడతారు. డ్రైవర్లు చేతికి వచ్చాక వెర్నియర్‌తో కొలిచాకే డ్రాయింగు ఇవ్వండి, డేటాషీట్‌ని నమ్మి ముందే కోయించొద్దు. ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు: మూడున్నర అంగుళాల డ్రైవర్‌కి 18 మిల్లీమీటర్ల మందం చెక్క అంటే వెనక ఒక సొరంగమే, కోను వెనక గాలి ఆడదు. రంధ్రం వెనక అంచుని ఏటవాలుగా చెక్కాలి, కానీ చుట్టూ కాదు, ఎడమా కుడీ మాత్రమే. పైనా కిందా చెక్కితే రెండు రంధ్రాల మధ్య మిగిలిన సెంటీమీటరున్నర చెక్క కూడా పల్చబడి పలక మొత్తం నడుం విరిగినట్టు ఊగుతుంది. మూడు డ్రైవర్లకి ఒకటి చొప్పున లోపల అడ్డపట్టీలు పెట్టించాను.

కార్పెంటర్ అన్న ఆ పలకని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ‘గిన్ని బొక్కలేంది సార్, పావురాలకా?’ అన్నాడు. స్పీకర్లని చెప్తే ఇంకా నవ్వాడు. కానీ పని మాత్రం మంచి పనే చేశాడు, ఫెవికాల్ పెట్టి క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేశాడు, ఒక్క జాయింటు దగ్గరా గాలి పోదు. లోపల నింపడానికి దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ చాలు, ఆడియో పేరు తగిలించి అమ్మే సరుకు అక్కర్లేదు. తెచ్చేటప్పుడు మాత్రం లిఫ్టులో పట్టలేదు, మెట్ల మలుపుల్లో నిలబెట్టి తిప్పుకుంటూ ఎక్కించాం. ఇంత ఎత్తు, ఇంత సన్నని డబ్బా ఎటు తోస్తే అటు పడుతుంది, కింద వెడల్పాటి పీఠం, పైన గోడకి ఒక బ్రాకెట్టు తప్పనిసరి. పిల్లలు ఉన్న ఇంట్లో అయితే బ్రాకెట్టు బిగించాకే మిగతా పని.

ట్యూనింగ్‌కి గదిలో శబ్దం కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ మెజర్‌మెంట్ మైకు. ఇక్కడ ఓపిక కావాలి. మైకుని ఒకేచోట పెట్టి కొలిస్తే నాలుగు కిలోహెర్ట్జ్ పైన గ్రాఫు రంపంలా కనిపిస్తుంది, ఆ గుంటలన్నీ ఒక్కొక్కటీ పూడ్చాలని కూర్చుంటే ఆ ఒక్క బిందువులో తప్ప ఇల్లంతా చెడుతుంది. సోఫా చుట్టూ, డైనింగ్ దగ్గర, నిలబడ్డప్పటి చెవి ఎత్తులో, ఇలా చాలాచోట్ల కొలిచి సగటు తీసి, దాన్ని మెత్తగా చేసి, ఆ గీతకి మాత్రమే ఈక్వలైజేషన్ వేయాలి. పైని పూర్తిగా బల్లపరుపు చేయకండి, కొంచెం కిందికి వాలేలా వదిలేస్తేనే చెవికి హాయి. కంప్యూటర్‌లో పాటలకి ఈక్వలైజర్ ఏపీవో అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది, టీవీ ఆప్టికల్ కేబుల్‌కి మాత్రం చిన్న డీఎస్పీ డబ్బా కొనక తప్పలేదు.

వంద హెర్ట్జ్ కింద పని సబ్ ఊఫర్‌ది. చిన్న కోన్లతో అక్కడి దాకా లాగించడం అనవసరం. అంకుల్‌కి నిజంగా ఇబ్బంది వచ్చేదైతే దీని నుంచే వస్తుంది, స్లాబులోంచి దిగేది బేసే, వరస పైకీ కిందికీ శబ్దం పంపకపోవడం మిడ్‌కీ ట్రెబుల్‌కీ మాత్రమే వర్తించే మాట. అందుకే సబ్ కింద మందపాటి రబ్బరు వేశాను, రాత్రి తొమ్మిది దాటితే దాన్ని ఆపేస్తాను. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని కేంద్రం 2000లో పెట్టిన శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి, రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్షలూ వాటిలోవే. 2024 అక్టోబర్‌లో సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దన్నారు. ఇంటి హాల్లో ఇంత తక్కువ సౌండ్‌కి ఇవి అడ్డు రాకపోవచ్చు, కానీ చట్టం రాకముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు వస్తుంది.

ఎలా ఉందంటే, సోఫాకీ డైనింగ్ టేబుల్‌కీ మధ్య తేడా నాలుగైదు డెసిబెల్స్ లోపే ఉంది, వంటగది గుమ్మం దగ్గర న్యూస్ చదివే ఆవిడ ప్రతి అక్షరమూ స్పష్టంగా అందుతోంది. కూర్చున్నా నిలబడ్డా నేల మీద పడుకున్నా టోన్ మారదు, ఇది మామూలు స్పీకర్లలో నేనెప్పుడూ వినలేదు. రిమోట్ గొడవ లేదు, నాన్న వాల్యూమ్ ముందుకంటే తక్కువలోనే పెట్టుకుంటున్నారు. నచ్చనిదీ ఉంది: శబ్దం వింటే కళ్లముందు కట్టే బొమ్మ బాగా పెద్దదైపోతుంది. ఒక్క గొంతు, ఒక్క వయొలిన్ ఉన్న కచేరీ వింటే గాయకుడు సీలింగ్ దాకా ఉన్నట్టు అనిపిస్తుంది, కళ్లు మూసుకుంటే మరీ వింత. వందమంది వాయించే ఆర్కెస్ట్రాకి అదే గుణం అద్భుతంగా కుదురుతుంది, పాత మోనో పాటలకి కూడా. ఒక్క కుర్చీలో కూర్చుని గాయకుడి నోరు ఎక్కడుందో వెతికే రకం శ్రోతలైతే దీని జోలికి రాకండి, మీకు రెండు మంచి చిన్న స్పీకర్లే సరి.

మొత్తం ఖర్చులో సగం పైనే డ్రైవర్లకి పోతుంది, మిగిలింది చెక్కా, సీఎన్‌సీ, డీఎస్పీ. యాభై కొనేటప్పుడే ఇంకో నాలుగు ఎక్కువ తీసుకుని అలమరలో పెట్టుకోండి, రెండేళ్లకి ఒకటి పోతే అదే మోడల్ మార్కెట్లో ఉంటుందన్న గ్యారంటీ లేదు, వేరే రకం పెడితే ఆ గొలుసంతా లెక్క తప్పుతుంది. సీఎన్‌సీ డ్రాయింగు, వైరింగ్ బొమ్మ కావాలన్నవాళ్లు మీ డ్రైవర్ మోడల్, సీలింగ్ ఎత్తు రాసి అడగండి, ఆ కొలతలకి మార్చి పంపిస్తాను.